నడుం దగ్గర వదులు, తొడల దగ్గర బిగుతు

మా చెల్లెలి కూతురు ముదిగొండ నుంచి ఖమ్మంలో ఒక ల్యాబ్‌లో పనికి పోతుంది. స్కూటీ చక్రంలో చున్నీ పడుతుందన్న భయంతో జీన్స్ కొనుక్కుందామనుకుని నన్ను తోడు రమ్మంది. నాలుగు షాపులు తిరిగాం. 30 సైజు తొడలు దాటి పైకి రాలేదు. 32 ఎక్కింది గానీ బొత్తాం పడలేదు. 34లో నడుం దగ్గర పిడికిలి పట్టేంత సందు, పాదాల కింద జానెడు గుడ్డ. "పాప బాడీకి జీన్స్ సెట్ కాదు మేడమ్, లెగ్గింగ్స్ చూపించనా?" అన్నాడు షాపతను. బయటికొచ్చాక అది అడిగింది: "పెద్దమ్మా, నేనే లావైనానా ఏంది?"

ఆ రాత్రి నా పాత కథలు తీసి చూసుకున్నాను. ఒకదాంట్లో ఊరొదిలి హైదరాబాదు పోయిన అమ్మాయి మూడో పేరాలో జీన్స్ తొడుక్కుంటుంది. అంతే, విముక్తి అయిపోయింది! అది ఎంత పెట్టి కొన్నదో, కూర్చుంటే వెనక జారిందో లేదో నేను రాయలేదు. తెలియక రాయలేదు. నేనెప్పుడూ వేసుకుంటే కదా.

అవతలి పక్షమూ అంతే. 2011 డిసెంబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ డీజీపీ దినేష్ రెడ్డి అత్యాచారాలకు ఆడవాళ్ళ ఫ్యాషన్ దుస్తులను ఒక కారణంగా చెప్పారు. పల్లెల్లోకి వచ్చిన సల్వార్ కమీజ్‌ని కూడా వదల్లేదు. 2014 అక్టోబరులో గాయకుడు ఏసుదాసు, ఆడవాళ్ళు జీన్స్ వేసుకుని ఇతరులను ఇబ్బంది పెట్టకూడదన్నారు. ఇలాంటి మాటలకు మనం గట్టిగానే జవాబు చెప్పాం, చెప్పాల్సిందే. కానీ ఆ వాదులాటలో వాళ్ళకీ మనకీ కూడా జీన్స్ ఒక జెండా. అది ఎవరి ఒంటికైనా సరిపోతోందా అని ఇద్దరిలో ఎవరమూ అడగలేదు.

మా వైపు మిరప కోతకూ పత్తి ఏరడానికీ పోయే ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు. కూలి పనికి వేసుకున్న మగ బట్టలో సంస్కృతికి వచ్చిన లోటేమీ ఎవరికీ కనిపించలేదు. ఆ చొక్కా వదులుగా ఉన్నా పని జరుగుతుంది. జీన్స్ అలా కాదు. నడుం, తుంటి, తొడ, కాలి పొడవు అన్నీ కుదరాలి. చీటీ మీద మాత్రం ఒక్క నడుం అంకే ఉంటుంది. ఒక నమూనా శరీరానికి కత్తిరించి, దాన్నే లెక్క ప్రకారం పెంచుతూ తగ్గిస్తూ పోతారు. నడుంతో పాటు పొడవూ పెరుగుతుంది కాబట్టి పొట్టి మనిషికి లావయ్యే హక్కు లేదు.

ఆ నమూనా ఎవరిది? అమెరికాలో 1939-40లో ప్రభుత్వమే దాదాపు 15 వేల మంది ఆడవాళ్ళని కొలిపించి, తెల్లవాళ్ళ కొలతలు మాత్రమే లెక్కలోకి తీసుకుంది. మన దేశంలో నిఫ్ట్ చేపట్టిన ఇండియాసైజ్ సర్వే 25 వేల మందికి పైగా స్త్రీ పురుషులను కొలవాలని పెట్టుకుంది, హైదరాబాదుతో కలిపి ఆరు నగరాల్లో. నాట్లేసి, మిరపకాయలు కోసి పెరిగిన తొడలు ఆ యంత్రం ముందుకు ఎట్లా వస్తాయి? రకరకాల కోతల్లో దొరికే జీన్స్ లేవా అంటే ఉన్నాయి, వేలల్లో. 600, 700 దగ్గర దొరికేది సాగే నూలు కలిపిన గుడ్డ. కుదరనిదాన్ని కొన్నాళ్ళు కుదిరినట్టు చూపిస్తుంది, ఎండకీ ఉతుకుకీ ఆ సాగుడు పోతుంది.

చివరికి 650 పెట్టి 34 కొన్నాం. సరిచేయించడం ఇంకో కథ. జాకెట్లు కుట్టే ఆవిడ, ఆ మందం గుడ్డకి తన మిషను సూది విరుగుతుందంది. ప్యాంట్లు కుట్టే ఆయన మిషను ఆగదు గానీ, ఆడపిల్ల తుంటి దగ్గర టేపు పెట్టడానికి ఆయనకి మొహమాటం. "ఇంట్లో కొలుచుకొని రాండ్రి" అన్నాడు తల తిప్పుకుని. ఇన్నాళ్ళూ నేను శరీర రాజకీయాలంటూ రాసిన వ్యాసాల్లో ఈ రెండు మిషన్ల మధ్య నిలబడ్డ అమ్మాయి లేదు. అదే టేపు లాక్కుని, మా ఇద్దరి ముందే కొలుచుకుని అంకెలు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. నడుం వెనక పట్టీ విప్పి లోపలికి తీసుకోవడానికీ, కింద కురచ చేయడానికీ కలిపి 150.

జేబులు లోతు చేయమంటే మాత్రం చేతిలో పెన్సిలు ఆపి, "ఆడోళ్ళ ప్యాంటుకి జేబెందుకమ్మా?" అన్నాడు.

అది ఫోనూ, స్కూటీ తాళాలూ తీసి మిషను బల్ల మీద పెట్టింది. ఇంకో 30 అన్నాడు. ఇచ్చాం.