జ్ఞాపకం నుంచి ఆచరణకు: ‘జబ్ ఖేత్ జాగే’ – ‘మా భూమి’ అనుసరణలో వర్గచైతన్యం

ప్రస్తావన

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని వస్తువుగా స్వీకరించి ఉర్దూ రచయిత కిషన్ చందర్ ‘జబ్ ఖేత్ జాగే’ నవలను రచించారు. దాని ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా రూపొందిన ‘మా భూమి’ 1980 మార్చిలో విడుదలైంది. అనుసరణను మూలవిధేయతతో కొలవడం పరిపాటి. అయితే ఇక్కడ పరిశీలించవలసింది కథనచట్రంలో వచ్చిన మార్పు. ఆ మార్పుతో వర్గచైతన్యమన్న భావనకే అర్థం మారింది.

కథనచట్రం

నవలానాయకుడు రాఘవరావు ఉరిశిక్ష పడిన యువ ఖైదీ. తెల్లవారితే ఉరి. ఆ చివరి రాత్రి అతడు నెమరువేసుకునే జీవితమే నవల. తండ్రి వీరయ్య వెట్టిబతుకు, హైదరాబాదులో రిక్షా లాగిన రోజులు, కార్మిక నాయకుడు మక్బూల్ పరిచయం అతని స్మృతిలో ఒక క్రమాన్ని సంతరించుకుంటాయి. ముగింపు ముందే తెలిసినందున ప్రతి అనుభవమూ అర్థంతో కూడి పాఠకుని చేరుతుంది. ఇక్కడ వర్గచైతన్యం ఒక వ్యక్తి తన గతం నుంచి తీసుకున్న నిర్ధారణ.

చిత్రం జైలు గదిని తొలగించింది. రాఘవరావు రామయ్య అయ్యాడు. సాయిచంద్ పోషించిన ఈ పాత్ర కథ బాల్యం నుంచి కాలక్రమంలో సాగుతుంది. రేపేమిటో పాత్రకూ తెలియదు, ప్రేక్షకునికీ తెలియదు. వెట్టి అంటే ఏమిటో ఎవరూ వివరించరు. దొర ఎదుట వంగిన నడుములే చెబుతాయి. నవలలో ఆలోచనగా ఉన్న చైతన్యం చిత్రంలో ఊరు కూడి నేర్చుకునే ఆచరణ అయింది.

భాష, పాట

ఉర్దూలో మాట్లాడిన తెలంగాణ రైతుకు చిత్రం అతని తెలుగును తిరిగి ఇచ్చింది. ఆ యాసను హాస్యానికో ప్రతినాయకునికో పరిమితం చేసిన వ్యాపార చిత్రాల కాలంలో ఇది చిన్న విషయం కాదు. సుద్దాల హనుమంతు రచించిన పశులకాపరి బాలుని పాట, గద్దర్ తెరపై పాడిన బండి యాదగిరి పాట పోరాటకాలపు మౌఖిక సంప్రదాయానికి చెందినవి. నవలలో స్మృతి ఒక్కనిది. చిత్రంలో పాట ద్వారా అది సమష్టి స్మృతి అయింది.

చంద్రి: మిగిలిన మౌనం

ఈ మార్పు ఒక చోట ఆగిపోయింది. నవలలో చంద్రి రాఘవరావు జ్ఞాపకంలోని స్త్రీ. అతని మనసు దాటి ఆమెను చూపే అవకాశం ఆ చట్రానికి లేదు. చిత్రానికి అలాంటి నిర్బంధం లేదు. అయినా దొర దౌర్జన్యానికి గురైన చంద్రి వేదన ప్రధానంగా రామయ్య ఊరు విడవడానికి కారణంగానే నిలుస్తుంది. అతడు పట్నం పోతే కథనమూ అతని వెంటే పోతుంది. జ్ఞాపకపు చట్రాన్ని వదిలించుకున్న చిత్రం పురుషదృష్టిని వదిలించుకోలేదు. వెట్టి చాకిరీతోపాటు స్త్రీ శరీరంపై దొర చలాయించిన అధికారం కూడా వర్గసంబంధమే. కాబట్టి ఇది చిత్రపు వర్గదృష్టిలోనే ఉన్న లోపం.

1948 తరువాత

నవల, చిత్రం రెండూ కథను 1948 సెప్టెంబరు సైనిక చర్యతో ముగించవు. నిజాం పాలన ముగిసినా భూమి ప్రశ్న మిగిలే ఉందన్నది రెండింటి ఉమ్మడి వాదం. ఈ వాదానికి 1980 నాటికి కొత్త సందర్భం ఏర్పడింది. శ్రీకాకుళ గిరిజన పోరాటం అప్పటికే సాగి అణచివేతకు గురైంది. 1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా రచయితలు ఏ పక్షమో తేల్చుకోవాలని విద్యార్థులు కరపత్రంతో నిలదీశారు. అదే ఏడాది విరసం ఏర్పడింది. ఆ దశాబ్దం చివర వచ్చిన ‘మా భూమి’ 1940ల చరిత్రను చూపుతూ తన వర్తమానానికీ సమాధానమిచ్చింది.

ముగింపు

నవల నుంచి తెరకు వచ్చేటప్పుడు ‘మా భూమి’ ఆత్మపరిశీలనను కోల్పోయి సామూహికతను పొందింది. ఈ అనుసరణ సాధించిన విజయం ఊరిని కథానాయకస్థానంలో నిలపడం. ఆ ఊరిలో చంద్రికి దక్కని గొంతు దాని పరిమితి.