ప్రెషర్ ఎప్పుడు పడిపోతోంది?

పెట్రోలు ప్రెషర్ తక్కువగా ఉందనగానే మా లైన్లో ముందు పంపు మీద పడతారు. ట్యాంకు విప్పడం, కొత్తది వెయ్యడం, బిల్లు రాయడం. చాలాసార్లు బండి బాగుపడుతుంది కూడా, అందుకే ఆ అలవాటు పోదు. టర్బో బిగించుకున్న కారు వచ్చినప్పుడే ఈ లెక్క తప్పుతుంది.

అలాంటి బళ్ళకి ఎచ్చెర్ల పేరున్న ఊరేం కాదు. అంబేడ్కర్ యూనివర్సిటీ, ఎస్.ఎం.పురం ట్రిపుల్ ఐటీ, పక్కనే పదహారో నంబరు హైవే. మా షెడ్డుకి వచ్చేవి ఎక్కువగా టాక్సీలు, పైడిభీమవరం ఫ్యాక్టరీలకి తిరిగే బళ్ళు. విశాఖలో పవర్ పెంచుకున్న కారేదైనా ఇచ్ఛాపురం వైపు పోతూ దారిలో మొరాయిస్తే మా గుమ్మం తొక్కుతుంది. మొన్నటి పాత సెడాన్ అలా వచ్చిందే. బయట పెట్టించిన టర్బో, అర బార్ బూస్టు.

“ఏటవుతంది బావూ?” అన్నాను.

“పికప్ పోతోంది గురువుగారూ. పంపు పెద్దది వేయించాను, ఫిల్టరూ మార్చాను. అయినా అంతే.”

“ఎప్పుడు పోతంది?”

కుర్రాడు కాస్త ఆలోచించాడు. “ఐడిలింగ్ బాగుంటుంది. ఊళ్ళో తిరిగినా బాగుంటుంది. మూడో గేరులో గట్టిగా తొక్కితే నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర జర్కు కొట్టి పడుకుంటుంది.”

సగం పని అక్కడే అయిపోయింది. ‘ఎప్పుడు’ అంటే వచ్చే ఒక్కో జవాబూ ఒక్కో చోటికి తీసుకెళ్తుంది. రాత్రి ఆపిన బండికి పొద్దున్న చాలాసేపు సెల్ఫు కొట్టాల్సి వస్తే, లైన్లో నిలవాల్సిన ప్రెషర్ దిగిపోతోందన్నమాట. పంపులో చెక్ వాల్వు, కారే ఇంజెక్టరు చూసుకోవాలి. ట్యాంకు పావుకి దిగాక మలుపుల్లోనే తడబడితే పెట్రోలు ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తోంది. అరగంట నడిచాక మొదలైతే పంపు మూతికుండే జాలీకి చెత్త పట్టి ఉండొచ్చు. రెగ్యులేటర్ మీద అనుమానం ఉంటే దాని వాక్యూమ్ పైపు లాగి వాసన చూస్తే చాలు. పెట్రోలు వాసన కొట్టిందా, లోపల డయాఫ్రమ్ చిరిగినట్టే. గట్టిగా తొక్కినప్పుడే పోయిందంటే మాత్రం ఇంజన్ అడిగినంత పెట్రోలు అందడం లేదు.

ఈ రోజుల్లో ఇంజన్ అడిగేదీ పెరిగింది. బంకుల్లో పోసే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. మామూలు పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ కలిపిన పెట్రోలుకి దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ పొయ్యాలి. అంచు మీద నడిచే పంపుకి ఆ కాస్తా బరువే.

గేజ్ పెట్టాం. షెడ్డులో రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు తీసి చూస్తే సరిగ్గా 3 బార్. పైపు పెడితే 2.5కి దిగింది, అలాగే దిగాలి. నిలబెట్టి చూసినంతసేపూ కారుకి ఏ రోగమూ లేదు. గేజ్ పైపుని బానెట్ సందులోంచి బయటికి లాగి, గేజ్‌ని ముందు అద్దానికి టేపుతో అంటించి చిలకపాలెం వైపు బయల్దేరాం. కుర్రాడు స్టీరింగు దగ్గర, నా కళ్ళు ముల్లు మీద.

ఇంజెక్టర్ మూతి దగ్గర టర్బో గాలి ఎదురు తోస్తూ ఉంటుంది కాబట్టి బూస్టు ఎంత పెరిగితే ప్రెషర్ కూడా అంత పెరగాలి. అర బార్ బూస్టుకి 3.5 రావాలి. ముల్లు 3.2 దాకా ఎక్కింది, అక్కడ వణికింది, 2.6కి జారింది. ఎదురు తోపు తీసేస్తే ఇంజెక్టర్‌కి మిగిలింది 2.1, ఉండాల్సింది 3. ఇంజెక్టర్ పోసే పెట్రోలు ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 16 శాతం తగ్గిపోయింది. బూస్టు మీదున్న ఇంజన్‌కి పెట్రోలు అంత తక్కువైతే నాకింగ్ మొదలై పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. జర్కుతో సరిపెట్టుకోవడం ఆ కుర్రాడి అదృష్టం.

తర్వాత మల్టీమీటర్ వైర్లు వెనక సీటు కింద పంపు కనెక్టర్‌కి తగిలించి మళ్ళీ తిప్పాం. బ్యాటరీ దగ్గర 13.8 ఓల్టులు. అదే తొక్కుడులో పంపు దగ్గరికి వచ్చేది 11 చిల్లర. పెద్ద పంపు కరెంటు ఎక్కువ లాగుతుంది. వైరు మాత్రం కంపెనీవాళ్ళు చిన్న పంపు కోసం వేసిన సన్నటిదే. లో ఓల్టేజీలో బోరు మోటారు నీళ్ళెలా పోస్తుందో మా వైపు రైతుకి చెప్పక్కర్లేదు కదా, ఇదీ అంతే. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, ట్యాంకు దగ్గర రిలే, బాడీకి గట్టి ఎర్తింగు. ముల్లు 3.5 దగ్గర కదలకుండా నిలబడింది.

చట్టం సంగతీ చెప్పాను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. విన్నాడు, నవ్వాడు.

నవ్వు ఆగింది బిల్లు దగ్గరే. వైరు, రిలే, ఫ్యూజు కలిపినా పెద్ద సొమ్మేం కాదు, కూలి మాత్రం అంతకంటే ఎక్కువ. “పార్టు ఏం వేశారు గురువుగారూ, ఇంతయింది?” అన్నాడు. అతన్ని తప్పు పట్టను. ఆ ప్రశ్న మా మెకానిక్కులే నేర్పారు. వెతికిన కష్టాన్ని పార్టు ధరలో కలిపేసి ఇన్నాళ్ళూ తీసుకున్నాం. ఇక పార్టు వెయ్యకపోతే డబ్బులెందుకని ఎవరైనా అడుగుతారు. పార్టు వేస్తే తప్ప కూలి గిట్టని మెకానిక్ గేజ్ పక్కన పెట్టి పంపే మారుస్తాడు.

అందుకే మా బిల్లులో మొదటి వరస ‘చెకింగ్ కూలి’. పార్టు పడినా పడకపోయినా అది ఉంటుంది. బేరమాడేవాళ్ళు ఆడతారు, వేరే షెడ్డుకి పోయేవాళ్ళు పోతారు. ఇచ్చినవాళ్ళకి మాత్రం రీడింగులు రాసిన కాగితం చేతిలో పెడతాను: ఐడిలింగ్‌లో ఎంత, బూస్టులో ఎంత, పంపు దగ్గర ఓల్టులెన్ని. రేపు బరంపురంలో ఆగిపోయినా అక్కడి మెకానిక్ మళ్ళీ ట్యాంకు విప్పనక్కర్లేదు.