ఊఁ కొట్టే శ్రోత లేని పాఠం: ఉపగ్రహ టెలికాన్ఫరెన్సింగ్ - గ్రామీణ శిక్షణ - తెలుగు

కీలకపదాలు: దూరవిద్య, ఉపగ్రహ టెలికాన్ఫరెన్సింగ్, సైట్ ప్రయోగం, గ్రామీణ శిక్షణ, వృత్తిపదాలు, చేవెళ్ళ, మొయినాబాద్

1. ఉపోద్ఘాతం

భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్ స్టూడియోలో అధ్యాపకుడు పలికిన మాట అంత ఎత్తుకు ఎక్కి, మళ్ళీ అంత దూరమూ దిగివచ్చి చేవెళ్ళలోని తెర మీద వినబడుతుంది. బీజాపూర్ రహదారిన బస్సెక్కితే మొయినాబాద్ మీదుగా చేవెళ్ళకు యాభై కిలోమీటర్లు కూడా ఉండదు. ఈ రెండు కొలతలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు దూరవిద్య అనే సమాసంలోని పూర్వపదం దేన్ని సూచిస్తోందన్న సందేహం కలుగుతుంది.

మొయినాబాద్ పరిసరాల్లో పూలు, కూరగాయలు కోసే స్త్రీకి రాజేంద్రనగర్‌లోని శిక్షణ సంస్థలు నేల కొలతలో దగ్గరివే. ఆమెకు దూరమైనవి వేరే ఉన్నాయి: కూలి పోకుండా దొరికే సమయం, ఇల్లు విడిచి రెండు రోజులు బయట ఉండగల వెసులుబాటు, తన మాటలో చెప్పే పాఠం. మొదటి రెండింటినీ ఉపగ్రహం కొంత తగ్గించగలదు. శిక్షణను మండల కేంద్రానికో, పంచాయతీ కార్యాలయానికో తెచ్చిపెట్టడం దాని నిజమైన మేలు. మూడవది సాంకేతికత వల్ల తీరేది కాదు. ఉపగ్రహ శిక్షణ మీద వచ్చే చర్చ ఎక్కువగా పరికరాల సంఖ్య, కేంద్రాల సంఖ్య చుట్టూ తిరుగుతుంది గనుక ఈ వ్యాసం ఆ మూడవదాన్నే పరిశీలిస్తుంది.

2. సైట్ నుంచి టి-శాట్ వరకు

ఉపగ్రహం ద్వారా తెలుగు పాఠం ఊరికి చేరడం 1975లో మొదలైంది. ఇస్రో, నాసా కలిసి 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు నడిపిన సైట్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి నేరుగా ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాల్లో హైదరాబాద్ ఒకటి. రంగారెడ్డి జిల్లా 1978లో గానీ ఏర్పడలేదు. అందువల్ల చేవెళ్ళ ప్రాంతం నాడు ఆ హైదరాబాద్ జిల్లాలోనిదే. తెలుగు, కన్నడ కార్యక్రమాలు హైదరాబాద్ కేంద్రంలో తయారయ్యేవి. ఒకే దృశ్యానికి రెండు ధ్వనిమార్గాలుండేవి. బొమ్మ ఒకటే, మాట రెండు భాషల్లో! బొమ్మ అందరికీ ఒక్కటే అయినప్పుడు అందులోని పొలం ఎవరి పొలం, ఇల్లు ఎవరి ఇల్లు అన్న ప్రశ్న ఆనాటి నుంచీ ఉంది. సైట్‌లో ఊరికి చూడడం, వినడం మాత్రమే ఉన్నాయి. తిరిగి పలికే మార్గం లేదు.

ఆ మార్గం 1990లలో ఏర్పడింది. 1995లో ఇస్రో ప్రారంభించిన శిక్షణ, అభివృద్ధి ప్రసార ఛానెల్‌లో దృశ్యం ఒకవైపు, ధ్వని రెండువైపులా సాగేవి. స్టూడియోలోని నిపుణుడిని అందరూ చూస్తారు. కేంద్రంలో కూర్చున్నవారు ఫోన్‌లో ప్రశ్న అడుగుతారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చాక లక్షల సంఖ్యలో ఎన్నికైన పంచాయతీ సభ్యులకు తక్కువ కాలంలో శిక్షణ ఇవ్వవలసిన అవసరం ఈ పద్ధతికి ఊపునిచ్చింది. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎడ్యుశాట్, ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ, తెలంగాణలో 2017 నుంచి టి-శాట్ ఈ క్రమంలోని తరువాతి మెట్లు. మెట్టు మెట్టుకూ బొమ్మ స్పష్టత పెరిగింది. ఊరి నుంచి వచ్చే గొంతుకు అంతటి పెరుగుదల దక్కిందని చెప్పడం కష్టం.

3. ఊఁ కొట్టడం

తెలుగువారి మౌఖిక సంప్రదాయంలో చెప్పేవాడు ఒంటరిగా చెప్పడు. కథ వినే పిల్లవాడు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే అవ్వ కథ ఆపేస్తుంది. బుర్రకథలో కథకునికి ఇరువైపులా వంతలుంటారు. ఒగ్గుకథలోనూ ప్రధాన కథకుని మాటను అందుకొనే సహాయకులుంటారు. వంత పాత్ర కేవలం తాళానికి పరిమితం కాదు. సభికుని మనసులో పుట్టిన సందేహాన్ని వంత ముందుగా అడుగుతాడు, హాస్యంగా ఎదిరిస్తాడు, తెలియని మాటను తెలిసిన మాటలోకి మారుస్తాడు. ఆకాశవాణి హైదరాబాద్ శ్రోతలకు చిరపరిచితమైన చిన్నక్క, ఏకాంబరం పాత్రలు ఈ నిర్మాణాన్ని రేడియోలోకి తెచ్చాయి. శ్రోత పలకలేని మాధ్యమం గనుక శ్రోత గొంతును కార్యక్రమంలోనే పెట్టారు. ఇది గొప్ప మెలకువ.

టెలికాన్ఫరెన్స్ ఈ మెలకువను వదులుకుంది. ఫోన్ ఉన్నది గదా, శ్రోతే మాట్లాడతాడన్న ధీమా అందుకు కారణం కావచ్చు. లెక్క వేసి చూస్తే ఆ ధీమా నిలవదు. ఇరవై కేంద్రాల్లో కేంద్రానికి ముప్పై మంది చొప్పున ఆరువందల మంది ఉన్నారనుకుంటే, ప్రశ్నలకు అరగంట కేటాయించి ఒక్కో ప్రశ్నోత్తరానికి మూడు నిమిషాలు పడితే, పది మంది మాత్రమే మాట్లాడగలరు. తక్కిన అయిదువందల తొంభై మందికి అది టీవీయే. పైగా ఉపగ్రహం మీదుగా మాట ఒకసారి చేరడానికి దాదాపు పావు సెకను పడుతుంది. ప్రశ్న, జవాబు రెండూ ఆ దారినే వెళ్తే అర సెకను. తరగతిగదిలో అధ్యాపకుడు విద్యార్థి కనుబొమలు ముడిపడగానే వాక్యం మార్చుకుంటాడు. ఇక్కడ కనుబొమలు కనబడవు, ఊఁ ఆలస్యంగా వస్తుంది, చాలాసార్లు రానే రాదు. కాబట్టి వక్త వాక్యం తెలియకుండానే ఉపన్యాస వాక్యంగా మారిపోతుంది.

4. పాఠంలో కర్త ఎవరు?

గ్రామీణ శిక్షణ తెలుగులో పదే పదే వినబడే పదబంధాలు కొన్ని ఉన్నాయి: అవగాహన కల్పించడం, చైతన్యపరచడం, లబ్ధిదారులను గుర్తించడం. వ్యాకరణదృష్టితో చూస్తే వీటిలో కర్త ఎప్పుడూ శాఖ. గ్రామస్థుడు కర్మగానో సంప్రదానంగానో మిగులుతాడు. 'రైతు సోదరులారా' అన్న సంబోధన మరొకటి. చేవెళ్ళ పొలాల్లో కలుపు తీసేది, కూరగాయలు కోసేది, బర్రెలకు గడ్డి వేసేది ఎక్కువగా స్త్రీలు. కలుపు మందు గురించి చెప్పే పాఠం కలుపు తీసే మనిషిని పిలవకుండానే మొదలవుతోంది. దీన్ని సంబోధనలోని చిన్న పొరపాటుగా తీసివేయడం సబబు కాదు. పిలుపు అందని శ్రోతకు ప్రశ్న అడిగే హక్కు ఉన్నదన్న స్ఫురణే కలగదు.

పదాల సంగతి మరీ స్పష్టం. స్టూడియో తెలుగులో గేదె, మొక్కజొన్న, బావి. ఊరి తెలుగులో బర్రె, మక్కజొన్న, బాయి. వీటిని ఊరివారు అర్థం చేసుకోలేరని ఎవరూ అనరు. అయితే 'పెంట' వంటి మాట దగ్గర వ్యవహారం మారుతుంది. తెలంగాణ రైతుకు అది పొలానికి తోలే పశువుల ఎరువు. వేరే ప్రాంతపు చెవికి అది నోట పలకరాని మాట. ఫోన్‌లో ఆ మాట పలికిన రైతుకు స్టూడియోలో ఎవరైనా చిరునవ్వు నవ్వితే, తరువాతి ప్రశ్న ఆ కేంద్రం నుంచి రాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయపదాలతో 1962లోనే వెలువడింది. సైట్‌కు పదమూడేళ్ళు ముందే పాఠ రచయితకు ఆధారం సిద్ధంగా ఉన్నదన్నమాట. శిక్షణ కార్యక్రమాల మూల్యాంకనంలో 'పదాల ఎంపిక' అనే అంశానికి ఒక నిలువు గడి ఉండాలని కోరడం అత్యాశ కాదు. చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతంలో లంబాడీ, ఉర్దూ మాతృభాషలుగా గల శ్రోతలున్నారన్నది దీనికి మరో పొర. సైట్‌లోని రెండు ధ్వనిమార్గాల ఆలోచన ఇక్కడ మళ్ళీ పనికివస్తుంది.

5. పాఠ్యాంశంలో లేని ప్రశ్న

ప్రశ్నకు అవకాశం దొరికినా ఏ ప్రశ్నకు అన్నది మిగిలే ఉంటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరిరక్షణకు 1996 మార్చి 8న వచ్చిన 111వ జీవో 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు విధించింది. మొయినాబాద్, చేవెళ్ళ మండలాల గ్రామాలు అందులో ఉన్నాయి. 2022లో 69వ జీవోతో ఆ ఆంక్షలను తొలగించారు. పావు శతాబ్దం పాటు ఇక్కడి రైతు సాగు నిర్ణయాలన్నీ భూమి భవిష్యత్తుతో ముడిపడి ఉన్నాయి. బిందుసేద్యం మీద పాఠం వింటున్న రైతు 'ఈ భూమి అమ్ముకోవాల్నా, ఉంచుకోవాల్నా? అమ్మేదే ఉంటే పైపుల మీద పైసలెందుకు పెట్టాలె?' అని అడిగాడనుకుందాం. వ్యవసాయపరంగా ఇది అత్యంత సంగతమైన ప్రశ్న. స్టూడియోలోని ఉద్యాన నిపుణుని దగ్గర దీనికి జవాబు ఉండదు. 'అది మా పరిధిలోనిది కాదు' అనడం ఆయన తప్పూ కాదు. శాఖలవారీగా విడదీసిన ప్రసార సమయానికీ, విడదీయరాని బతుకుకూ మధ్య ఏర్పడిన దూరమది. ముఖాముఖి శిక్షణలో ఇటువంటి ప్రశ్న భోజన విరామంలో చర్చకు వస్తుంది. టెలికాన్ఫరెన్స్‌లో విరామం అంటే సిగ్నల్ ఆగిపోవడం.

6. వంతగా కేంద్ర నిర్వాహకుడు

1982లో హైదరాబాద్‌లో ఏర్పడి, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదటి నుంచీ అచ్చు పాఠానికి తోడుగా అధ్యయన కేంద్రాన్ని నిలబెట్టింది. పాఠం హైదరాబాద్‌లో రాసినా సందేహం దగ్గరి ఊరిలో తీరాలన్న భావన అది. గ్రామీణ టెలికాన్ఫరెన్స్‌లో ఆ స్థానం కేంద్ర నిర్వాహకునిది. ఆయన పని టీవీ పెట్టడం, హాజరు సంతకాలు తీసుకోవడం వరకే ఉంటే ఉపగ్రహ శిక్షణ ఖరీదైన టీవీ కార్యక్రమంగా మిగులుతుంది. ప్రసారాన్ని నడుమ ఆపి, 'నిపుణుడు గేదె అన్నది మన బర్రెనే' అని మొదలుపెట్టి, అయిదుగురి సందేహాలను ఒక్క ప్రశ్నగా కూర్చి ఫోన్ చేయగలిగితే ఆయన వంత స్థానంలోకి వస్తాడు. అందుకు ఆయనకు ముందుగా శిక్షణ కావాలి. ప్రసార సమయంలో సగాన్ని కేంద్రాలకే వదిలే ఏర్పాటు కావాలి. ఖర్చు పరంగా ఇది ట్రాన్స్‌పాండర్ అద్దెతో పోల్చదగినది కూడా కాదు.

2020 సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల మూడు నుంచి పదో తరగతి విద్యార్థులకు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు ఈ విషయమే మరోసారి ముందుకు వచ్చింది. పాఠం తెర మీద నడిచింది. చూశారా, అర్థమైందా అని పిల్లలను కనుక్కొనే బాధ్యత బడి ఉపాధ్యాయులకు అప్పగించారు. ఆ నెలల్లో ఉపాధ్యాయుల ఫోన్లకు పిల్లలు ఏమేమి అడిగారో, ఏ మాటల్లో అడిగారో సేకరించదగిన సామగ్రి. తెర మీది పాఠాలను యూట్యూబ్‌లో ఇప్పటికీ చూడవచ్చు. ఆ ప్రశ్నలు ఉపాధ్యాయుల జ్ఞాపకంలో, పాత ఫోన్లలోని సందేశాల్లో ఉన్నాయి, కొద్ది కాలమే ఉంటాయి.