కరువు సాహిత్యమున వాన

రాయలసీమ రచనలను పరిశీలించు విమర్శకులు తఱచుగా వాడు పదబంధములలో ‘కరువు సాహిత్యము’ ఒకటి. ఈ పేరు స్థిరపడి చాల కాలమైనది. కాని ఈ సాహిత్యమున కరువునకు హేతువుగా చెప్పబడు వాన యెట్టిది, ఆకాశమునకు మన రచనలు కల్పించిన స్వభావమేమి అను ప్రశ్నను విడిగా పరిశీలించుట అరుదు. వాన కురియలేదు, పంట పండలేదు, మనుష్యుడు పస్తుండెను – ఈ మూడు వాక్యములను ఒకే వాక్యముగా చదువు అలవాటు మనకు గలదు. ఈ మూటి నడుమ నున్న ఎడమును గుర్తింపక కరువు రచనకు విలువ కట్టుట సాధ్యము కాదని నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. భూగోళమంతట వాతావరణము మాఱుచున్న ఈ కాలమున ఆ యెడమును గుర్తించుట సాహిత్యమునకెంత అవసరమో అన్నమునకును అంత అవసరము.

ఈ పరిశీలనకు గుంతకల్లు ప్రాంతమును కేంద్రముగా గ్రహించుటకు కారణములు రెండు. మొదటిది భౌగోళికము. అనంతపురము పీఠభూమి నైరృతి ఋతుపవనమునకు పడమటి కనుమల చాటున నున్నది. ఈశాన్య ఋతుపవనమునకు తూర్పుతీరము నుండి దూరముగా నున్నది. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. గుంతకల్లు, ఉరవకొండల వైపు నల్లరేగడి గలదు. అందు జొన్న, ప్రత్తి, శనగ పండును. జిల్లాలో మిగిలిన మెట్టలో అధికభాగము ఎఱ్ఱనేల. అది వేరుసెనగ నేల. రెండవ కారణము చారిత్రకము. గుంతకల్లు రైలు కూడలి. 1871 నాటికి మద్రాసు–బొంబాయి మార్గము దీని మీదుగా పూర్తియైనది. వాన లేమికిని తిండి లేమికిని గల సంబంధమును ఈ రైలుమార్గము ఎంతయో మార్చినది. ఆ మార్పును గూర్చి ముందు చెప్పబడును.

ఈ నేల సాహిత్యమున వానను గూర్చిన భావన మూడు పొరలుగా కానవచ్చుచున్నది. మొదటి పొర కార్తె సామెతలది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు పదుమూడు, పదునాలుగు దినములకు కార్తె యని పేరు. ఏ కార్తెలో ఏ విత్తనము వేయవలెను, ఏ కార్తె వాన ఏ పైరునకు మేలు అను జ్ఞానమును పల్లెవారు సామెతలుగా కూర్చుకొనిరి. వీనియందలి ఆకాశము మాట తప్పని పెద్దమనిషి వంటిది; ఆలస్యము చేసినను క్రమము విడువదు. నేడు సామెత తప్పినప్పుడు లోపము పంచాంగమునదని కొందఱు భావింతురు. లెక్క చూచినచో అది నిలువదు. అయనచలనము వలన కార్తెలు ఋతువుల నుండి జరుగుట సుమారు 72 ఏండ్లకు ఒక దినము మాత్రమే. తాతకును మనుమనికిని మృగశిర దాదాపు ఒకే దినమున ప్రవేశించును. చోటు మాఱినది కార్తె గాదు, వాన.

వాన యేల మాఱుచున్నదో భౌతికశాస్త్రము చెప్పుచున్నది. వేడిమి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగినచో గాలి సుమారు 7 శాతము అధికముగా నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. 1850–1900 నడిమి కాలముతో పోల్చినచో 2011–2020 దశాబ్దమున భూతలపు సగటు వేడిమి సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినది. తత్ఫలితముగా కురిసినప్పుడు మిక్కుటముగా కురియుటయు, బెట్ట పట్టినప్పుడు నేల త్వరగా ఎండుటయు పెచ్చు పెరుగుచున్నవి. దీని యర్థము వేరుసెనగ చేనిలో స్పష్టమగును. విత్తిన తరువాత ముప్పదియైదు, నలువది దినములకు ఊడలు నేలలోనికి దిగును. అప్పుడు పదును లేక నేల గట్టిపడినచో ఊడ దిగదు. కాయ ఊరు దశలో బెట్ట తగిలినచో గింజ ముడుచుకొనును. ఆ పిమ్మట కుంభవృష్టి కురిసి సంవత్సరపు లెక్క సగటును అందుకొన్నను పంట తిరిగి రాదు. కావుననే వర్షపాతపు పట్టికలో కరువు లేని ఏట చేనిలో కరువుండుట సంభవించుచున్నది. సామెతలను సేకరించువారు వానిని చోటు, కాలము తెలుపక ‘పూర్వుల విజ్ఞానము’ అను ఒక్క పేరుతో ముద్రించుట ఈ దృష్టితో చూడగా లోపమే. ఏ యూరిలో, ఏ నేలకు, ఏ కాలమున ఆ మాట సత్యమైయుండెనో తెలిపినప్పుడే సామెత సాక్ష్యముగా నిలుచును.

రెండవ పొర ప్రార్థనది. వాన రానప్పుడు స్త్రీలు రోకలికి కప్పను కట్టి ఇంటింటికి తిరిగి నీరు పోయించుకొను కప్పతల్లి యాచారము తెలుగునాట ప్రసిద్ధము. దానికంటెను సాహిత్య విద్యార్థి గమనింపదగినది విరాటపర్వ పఠనము. వాన కొఱకు తిక్కన విరాటపర్వమును చదివించుట మన పల్లెల సంప్రదాయము. కావ్యమును రసము కొఱకు గాక వాన కొఱకు చదువు సమాజము మనది. ఈ యాచారమునకు మూలము ఆ పర్వమునందే కలదని తోచుచున్నది. అజ్ఞాతవాసమున నున్న ధర్మరాజును గుర్తించుటెట్లను ప్రశ్న వచ్చినప్పుడు, అతడున్న దేశమున మేఘములు సకాలమున వర్షించును, పైరులు చక్కగా ఫలించును అని భీష్ముడు దుర్యోధనునితో చెప్పును. అనగా వాన మానవుల నడవడికి వెలియైనది గాదు. ఏలువాని ధర్మము వానగా కనబడును.

ఆధునిక హేతువాదము ఈ భావమును మూఢవిశ్వాసమని త్రోసివేసినది. త్రోసివేయుట సమంజసమే, ధర్మపాలనము మేఘమును రప్పింపదు. అయినను నేటి విజ్ఞానము వేఱొక మార్గమున మానవుని నడవడిని వానతో తిరిగి ముడివేసినది. బొగ్గు, నూనె కాల్చుట వలన గాలిలో చేరిన బొగ్గుపులుసు వాయువు ఋతువుల నడకను మార్చుచున్నది. అయితే పురాణమునకును విజ్ఞానమునకును ఇచ్చట ఒక ఘోరమైన భేదము కలదు. పురాణమున రాజు తప్పు చేసినచో వాన అతని రాజ్యముననే తప్పును. నేడు పొగ విడిచిన దేశము వేఱు, పదును కోల్పోయిన మెట్ట వేఱు. ఒంటి కాడితో పదియెకరములు సేద్యము చేయు రైతు ఈ పొగకు చేర్చినది లెక్కకు రానంత స్వల్పము. భీష్ముని మాటలో నున్న న్యాయసూత్రము తెగిపోయినది. కార్యకారణసూత్రము మాత్రము మిగిలినది. కరువును గూర్చి నేడు వ్రాయు కవికి ఇంతకంటె పెద్ద వస్తువు లేదు.

మూడవ పొర ఆధునిక రచనలది. ఇందు 1956లో వెలువడిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ ప్రధానము. అనంతపురము జిల్లా తరిమెలలో జన్మించిన ఈ కవి పెన్నానది ఎండిన తీరమును, సీమ గతవైభవమును చెప్పి, రంగడు, గంగమ్మ అను పేద దంపతుల బ్రతుకును కథగా నడపెను. కావ్యమున రెండు స్వరములు కలవు. ఒకటి విలాపము, రెండవది విచారణ. గతవైభవ వర్ణన విలాపస్వరము. దంపతుల కథ విచారణస్వరము. పఠితలు మొదటిదానినే అధికముగా మెచ్చుట కలదు. నా యభిప్రాయమున రెండవదియే బలవత్తరము. ఒకప్పుడు ఈ నేల సర్వసమృద్ధమను భావమునకు చరిత్ర యంతగా తోడ్పడదు. వాన తప్పుట ఈ పీఠభూమికి క్రొత్త గాదు. రంగడు, గంగమ్మల కథ అట్లు గాదు. ఆకలి ఎవరి యింట నున్నది, ఎవరి యింట లేదు అను ప్రశ్నను అది లేవనెత్తినది. ఆ ప్రశ్నతో కరువు ఆకాశము నుండి నేలకు దిగినది.

ఈ దిగుటకు చరిత్రలో గట్టి యాధారము కలదు. 1876–78 నాటి మహాక్షామమును మన ప్రజలు సంవత్సరము పేరిట ‘ధాత కరువు’ అందురు. అప్పటికే రైలు నడచుచుండెను. ధాన్యము రాగలుగుటయే కాక, ధర యెక్కువ పలికిన చోటికి పోగలుగుటయు రైలు వలననే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనిలో పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా కూలి చాలునని నిర్ణయింపగా, మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ అది ప్రాణము నిలుపుటకు చాలదని వాదించెను. ఆకాశము చేసిన పనికి ఈ కూలి లెక్కకు సంబంధము లేదు. అది మనుష్యుల నిర్ణయము. ఆ క్షామము తరువాతనే కరువు రక్షణ కొఱకు బళ్లారి–కృష్ణా రైలుమార్గము తలపెట్టబడి, గుంతకల్లు నుండి తూర్పునకు సాగినది. కరువు అను ఒక్క మాటలో వానలేమి, తిండిలేమి అను రెండర్థములు కలిసియుండగా, రైలు, కరువు నిబంధనలు, తరువాత చౌక బియ్యము వానిని క్రమముగా విడదీసినవి. 1983లో రాష్ట్రప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము ప్రారంభించిన పిదప, కొఱ్ఱ, జొన్న తినిన మెట్టపల్లెలు డెల్టా బియ్యమునకు మఱింత అలవాటుపడినవి.

తిండిధాన్యము వెనుకకు పోగా వేరుసెనగ ముందునకు వచ్చినది. ఉమ్మడి జిల్లాలో ఒక దశలో సుమారు 8 లక్షల హెక్టార్లలో ఆ యొక్క పైరే నిండెను. ఆకలి అప్పుగా రూపు మార్చుకొన్నది. ఈ దశకు సింగమనేని నారాయణ కథాసంపుటి పేరే చక్కని సంకేతము: ‘జూదం’ (1988). మెట్టసేద్యమును జూదమనుట రైతుల నోట నిత్యము వినబడు మాట. సాహిత్యము దానిని గ్రహించినది. కాని ఈ యుపమానమునకు ఒక హద్దు కలదు. జూదమున పాచికకు ఆరు ముఖములు. ఓడినవాడు రేపు అదే పాచికతో గెలువవచ్చును. వాతావరణ మార్పు పాచికనే మార్చుచున్నది. అదృష్టమను మాట ఇట్టిచోట బాధ్యతను కప్పిపుచ్చును. శాపమను మాటయు అట్టిదే. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ (2017) 18వ శతాబ్దపు సీమ చరిత్రను ఆశ్రయించిన నవల. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమందినది. నవలను గూర్చి గాక, దాని శీర్షికను సీమకు బిరుదుగా వాడు విమర్శకులను గూర్చి ఇచ్చట నా యాక్షేపణ. శపించినవారెవరో చెప్పని శాపమును విమర్శ అంగీకరింపరాదు.

ఇచ్చట ఒక పూర్వపక్షము రావచ్చును. పీఠభూమి కష్టములన్నిటికి వాతావరణ మార్పే కారణమనుట అతిశయోక్తి గాదా? నిజమే. ధాత కరువునాటికి గాలిలో నేటి పొగ లేదు. ఏకపైరు సేద్యము, అడుగంటిన బోరుబావులు, గిట్టని ధర – ఇవన్నియు ప్రత్యేక కారణములు. అయినను ఈ కారణములపై మాఱిన వాన వచ్చి చేరుచున్నది. అంతేకాక, విడిపోయిన ఆ రెండర్థములు తిరిగి కలియు ప్రమాదమును తెచ్చుచున్నది. దీనికి ధాత కరువే హెచ్చరిక. ఆ యేండ్లలో పసిఫిక్ సముద్రమున తీవ్రమైన ఎల్‌నినో ఏర్పడగా దక్షిణ భారతము, ఉత్తర చైనా, ఈశాన్య బ్రెజిల్ ఏకకాలమున ఎండినవి. ఒక చోట పండనిచో మఱొక చోటి నుండి తెప్పించుకొందుమను ధైర్యము, పలుచోట్ల ఒక్కసారి పంట పోయినప్పుడు నిలువదు. 2010లో రష్యా వడగాడ్పులకు గోధుమ పోగొట్టుకొని ఎగుమతులు నిలిపినది. 2022 మార్చిలో మన దేశమున మితిమీరిన ఎండకు గోధుమ దెబ్బతినగా మే నెలలో ఎగుమతి నిషేధింపబడినది. 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యము ఎగుమతిని భారతము ఆపినది. ఆ యాగస్టు 1901 నుండి గల లెక్కలలో మిక్కిలి పొడియైన ఆగస్టు. ప్రపంచ బియ్యపు వ్యాపారమున సుమారు 40 శాతము మనదే యగుటచే ఆ నిషేధము ఆఫ్రికా దేశముల వంటయిండ్ల వఱకు తాకినది. 2024లో అది సడలింపబడినది. గుంతకల్లు మెట్ట రైలును నమ్ముకొన్నట్లే నేడు ఎన్నియో దేశములు ఓడను నమ్ముకొనియున్నవి. బండి బయలుదేరు చోటనే గింజ లేనిచో కూడలి యేమి చేయగలదు?

కావున కరువు రచనను పరిశీలించునప్పుడు మూడు ప్రశ్నలు వేయుట మేలు. ఈ రచనలోని వాన ఏ యేటిది, ఏ నేలది? పంట పోవుటకును పస్తుండుటకును నడుమ నున్న మనుష్యులెవరు? రచయిత ఆకాశమునకిచ్చిన పేరు – క్రమము, దైవము, జూదము, శాపము – ఎవరి బాధ్యతను వెల్లడించుచున్నది, ఎవరిది మఱుగుపఱచుచున్నది? ఈ ప్రశ్నలకు నిలిచినందుననే ‘పెన్నేటి పాట’ కథాభాగము నేటికిని ప్రమాణము. మాఱిన వానను గూర్చి అంతటి కావ్యము మనకింకను రావలసియున్నది. అది వచ్చునాటికి దానిని విలాపమని పొగడి ప్రక్కన పెట్టక, విచారణగా చదువగల విమర్శ సిద్ధముగా నుండవలెను. విజ్ఞులు ఈ విషయమును ఇంకను లోతుగా పరిశీలింతురు గాక.