ఊరికే తిరిగే హక్కు

పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి మన గూడేల్లో బలాదూరు అంటారు. 1950లలో పారిస్‌లో కొందరు కుర్రవాళ్ళు ఆ బలాదూరు తిరుగుడునే ఒక శాస్త్రంగా నిలబెట్టబోయారు. వాళ్ళలో ముఖ్యుడు గీ డెబోర్. ఏ పనీ పెట్టుకోకుండా, కాలు ఎటు లాగితే అటు వీధుల వెంట పోవాలి. ఏ మలుపు దగ్గర మనసు తేలికపడింది, ఏ గోడ పక్కన బరువెక్కింది, ఏ వీధి రమ్మంది, ఏది పొమ్మంది గుర్తుపెట్టుకోవాలి. ఆ నడకకు 'దెరీవ్' అని పేరు పెట్టారు. నేల మనిషి మనసు మీద ఏం పని చేస్తుందో చూసే చదువుకు 'సైకోజాగ్రఫీ' అన్నారు.

1957లో డెబోర్ 'నేకెడ్ సిటీ' అని ఒక పటం చేశాడు. అచ్చయిన పారిస్ పటాన్ని కత్తిరించి, 19 ముక్కలు తీసుకుని, వాటి మధ్య ఎర్ర బాణాలు గీశాడు. ముక్కల మధ్య అంతా తెల్లగా ఖాళీ. ఏ చోటు నుంచి ఏ చోటుకు మనసు లాగుతుందో బాణాలు చెబుతాయి, దూరం ఎంతో చెప్పవు. మొదటిసారి ఆ పటం చూసినప్పుడు మాకు వింతగా అనిపించలేదు. అడవిలో దారి చెప్పే మన పెద్దలు కూడా కిలోమీటర్లు చెప్పరు. మద్దిచెట్టు దాటాక చల్లగాలి తగులుతుంది, అక్కడ కుడికి తిరుగు అంటారు. అదీ పటమే, కాగితం మీద లేదంతే.

డెబోర్‌కు కోపం తెప్పించిన పటం కూడా ఒకటుంది. పారిస్ 16వ వార్డులో ఉండే ఒక విద్యార్థిని ఏడాది పొడవునా ఎక్కడెక్కడికి వెళ్ళిందో 1952లో షోంబార్ ద లోవ్ అనే సామాజిక శాస్త్రవేత్త గీతలుగా గీయించాడు. చివరికి తేలింది చిన్న త్రికోణం. ఒక మూల ఇల్లు, ఒక మూల కాలేజీ, ఇంకో మూల పియానో నేర్పే టీచరు ఇల్లు. అంత పెద్ద నగరంలో ఒక బతుకు ఇంత ఇరుకా అని డెబోర్ మండిపడ్డాడు. ఇవాళ అలాంటి పటం గీయడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. లొకేషన్ ఆన్‌లో ఉంటే జేబులో ఫోనే గీసిపెడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఈ నడకల కథలో మనం చదవాల్సిన అసలు మనిషి డెబోర్ కాదనీ, అబ్దెల్‌హఫీద్ ఖతీబ్ అనీ మా అభిప్రాయం. డెబోర్ గుంపులోనే ఉన్న అల్జీరియా యువకుడు. 1958లో లే ఆల్ మీద సైకోజాగ్రఫీ వ్యాసం రాయడానికి పూనుకున్నాడు. లే ఆల్ అంటే పారిస్ నడిబొడ్డున ఉండే పెద్ద మార్కెట్. కూరగాయలు, పండ్లు, మాంసం రాత్రిపూట లారీల్లో వచ్చి దిగేవి. మన సంతలాగే రోజంతా ఒకలా ఉండదు. రాత్రి లారీలూ గుట్టలూ అడ్డంపడి వీధుల ఆకారమే మారిపోయేది. ఆ మార్పును చూడాలంటే రాత్రి తిరగాలి.

ఆ ఏడాది సెప్టెంబరు నుంచి పారిస్ పోలీసులు ఉత్తర ఆఫ్రికా వాళ్ళు రాత్రి తొమ్మిదిన్నర దాటాక వీధుల్లో కనిపించకూడదన్నారు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న కాలం అది. ఖతీబ్‌ను రెండుసార్లు పట్టుకుని లాకప్‌లో పెట్టారు. వ్యాసం సగంలో ఆగింది. డిసెంబరులో గుంపు పత్రికలో దాన్ని వేస్తూ, ఎందుకు పూర్తికాలేదో సంపాదకులు ఒక చిన్న గమనిక జోడించారు. ఆ నాలుగు మాటల్లో ఉన్నంత బరువు మాకు మిగతా సిద్ధాంతంలో కనిపించలేదు. డెబోర్ రాసిన పద్ధతిలో నడిచేవాడికి రంగు లేదు, ఊరు లేదు, ఆపి అడిగేవాడు లేడు. ఖతీబ్‌కు ఇవన్నీ ఉన్నాయి. మూడేళ్ళ తర్వాత, 1961 అక్టోబరు 17న, అలాంటి ఆంక్షనే వ్యతిరేకిస్తూ ఊరేగింపు తీసిన అల్జీరియన్లను అదే పారిస్‌లో పోలీసులు చంపారు. కొందరి శవాలు సెన్ నదిలో తేలాయి.

మార్కెట్‌ను ఊరి బయటికి తరలిస్తే పేదల పారిస్‌కు అది ఇంకో దెబ్బ అని ఖతీబ్ రాశాడు. తీసేస్తే ఆ జాగాలో శ్రామికులు ఆడుకుంటూ నేర్చుకునే చోటు ఉండాలన్నాడు. 1969లో మార్కెట్ రంజిస్‌కు పోయింది. 1979లో అక్కడ భూమి లోపల షాపింగ్ మాల్ తెరిచారు.

ఇప్పుడు ఫోన్ల కాలానికి వద్దాం. 2016లో 'పోకెమాన్ గో' ఆట వచ్చినప్పుడు, దెరీవ్ మళ్ళీ పుట్టిందని కొందరు సంబరపడ్డారు. ఫోన్ పట్టుకుని వీధులన్నీ తిరుగుతూ బొమ్మలు పట్టుకునే ఆట అది. అమెరికాలో ఒమారి అకిల్ అనే నల్లజాతి రచయిత కాసేపు ఆడి ఆపేశాడు. తనలాంటివాడు ఒకే వీధిలో అటూ ఇటూ తచ్చాడితే చూసేవాళ్ళకు అనుమానం వస్తుందనీ, ఆడమన్నట్టు ఆడితే ప్రాణానికే ముప్పనీ రాశాడు. ఖతీబ్ పక్కన పెట్టి చదవాల్సిన వ్యాసం. ఇంకో సంగతి కూడా బయటపడింది. నల్లవాళ్ళ పేటల్లో ఆట స్థలాలు తక్కువగా ఉన్నాయి. కంపెనీ కావాలని చేసిందని కాదు. అంతకుముందు అదే కంపెనీ చేసిన ఇంకో ఆట ఆడినవాళ్ళు సూచించిన చోట్లనే ఎక్కువగా వాడుకున్నారు. ఆడినవాళ్ళు ఎక్కడ తిరిగారో అక్కడే పటం నిండింది.

హైదరాబాద్‌కు కోచింగ్ కోసం వెళ్ళిన మన పిల్లల్లో కొందరు ఖర్చుల కోసం డెలివరీ పని చేస్తున్నారు. వాళ్ళకు తెలిసినన్ని సందులు ఆ నగరంలో పుట్టినవాళ్ళకు తెలియవు. ఏ గేటు దగ్గర వాచ్‌మన్ కసురుతాడు, ఏ అపార్ట్‌మెంటులో సామాన్ల లిఫ్టే ఎక్కమంటారు, ఏ చెట్టు కింద ఎండాకాలం నిలబడొచ్చు, అన్నీ తెలుసు. అసలైన సైకోజాగ్రఫీ వాళ్ళ దగ్గరే ఉంది. కానీ కాలు లాగినవైపు వెళ్ళడానికి లేదు, మలుపు మలుపుకూ ఫోన్ చెబుతుంది, నిమిషాలు లెక్కపెడుతుంది. వాళ్ళు తిరిగిన పటం కంపెనీ దగ్గర భద్రంగా ఉంటుంది. వాళ్ళు చూసిన నగరం మాత్రం మన కథల్లోకి, కవిత్వంలోకి ఇంకా రాలేదు. ఈ మాట మమ్మల్ని మేమే అనుకుంటున్నాం. అడవి మీద ఎంతో రాస్తాం, నగరంలో మన అడుగుల గురించి సిగ్గుపడినట్టు ఊరుకుంటాం.

ఇక గూడేల సంగతి. ఫోన్ పటంలో మా గూడెం వెతికితే పచ్చరంగు తప్ప ఏమీ కనిపించేది కాదు. 'ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్' 2004 నుంచి ఉంది. అందులో ఎవరైనా తమ ఊరు, దారి, వాగు పేరు చేర్చవచ్చు. బడి పిల్లలతో ఆ పని చేద్దామని మొదలుపెట్టాం. ముందు చార్టు మీద గీయించాం. వాగుల పేర్లు మన భాషలో చెబుతుంటే పిల్లలు ఒకరి మీద ఒకరు పడి రాశారు. పోకెమాన్ సంగతి చదివినవాళ్ళం కాబట్టి, మనం గీయకపోతే మనం ఉండం అనుకున్నాం.

తల్లి కొలువుండే చెట్ల గుంపు దగ్గరకు వచ్చేసరికి పని ఆగింది. పటంలో చుక్క పెడితే జీపులు వస్తాయి, డ్రోన్లు లేస్తాయి, రీల్స్ తీస్తారు. రీల్స్ వచ్చాక జలపాతాల దగ్గర ప్లాస్టిక్ ఎలా పేరుకుందో చూశాం. ఆ చోటు కూడా ఉండాలని మాలో కొందరు వాదించారు, రేపు ఎవరైనా ఆ భూమి అడిగితే చూపించడానికి ఆధారం ఉండాలి కదా అని. అదీ కాదనలేని మాటే. చివరికి గూడెంలో ఒక అవ్వను అడిగాం.

"వాగుల పేర్లన్నీ రాసుకోండి నాయనా. అమ్మ దగ్గరికి మాత్రం గీత గీయొద్దు" అంది.

గీయలేదు. బడి గోడ మీది చార్టులో అక్కడ తెల్లగానే ఉంది. వాదన ఇంకా నడుస్తోంది.