ఉంగరమూ తోకా: ఒక చిన్న అణువు పనితనం

దూడ మూతితో పొదుగును కుమ్ముతుంటే కాసేపటికి గేదె చేపుతుంది. మాచర్ల, గురజాల పల్లెల్లో పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే. ఆ చేపు వెనక ఉన్నది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. మెదడులో తయారై, రక్తంలో కలిసి పొదుగుకు చేరి, పాలగ్రంథుల చుట్టూ ఉన్న సన్నని కండర కణాలను బిగిస్తుంది. నరసరావుపేట కాన్పుల వార్డుల్లో నొప్పులు రావడానికి సెలైన్‌లో కలిపి ఎక్కించేదీ అదే.

దాని కట్టుబడి చూడండి. మొత్తం తొమ్మిది అమైనో ఆమ్లాలు. మొదటిదీ ఆరోదీ సిస్టీన్‌లే. ఆ రెంటిలోని గంధకం పరమాణువులు ముడిపడి ఆరింటినీ ఉంగరంలా చుడతాయి. మిగిలిన మూడూ తోక, తోక చివర గ్లైసిన్.

సముద్రంలోని నక్షత్ర చేపలోనూ ఇదే కట్టుబడి. అక్కడి అణువు పేరు ఆస్టెరోటోసిన్. అక్కడా తొమ్మిదే, అదే ఉంగరం, చివర అదే గ్లైసిన్. మధ్యలో కొన్ని అమైనో ఆమ్లాలు మారాయంతే. మన వంశమూ నక్షత్ర చేప వంశమూ విడిపోయి యాభై కోట్ల ఏళ్లు దాటింది. అన్నేళ్లూ చెక్కుచెదరని ఆ ఉంగరాన్ని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

నక్షత్ర చేపకు మెదడు లేదు. నోటి చుట్టూ ఒక నాడీవలయం, దాన్నుంచి ఒక్కో చేతిలోకి ఒక్కో నాడీతాడు. అయినా దాని భోజనం చూడాలి! ఆల్చిప్పను కావలించుకుని, గొట్టపు పాదాలతో రెండు చిప్పల్నీ లాగుతుంది. సన్నని సందు దొరికితే చాలు, తన కడుపునే నోట్లోంచి బయటికి తీసి అందులో దూర్చి, మాంసాన్ని అక్కడే అరిగించుకుంటుంది. కడుపు అలా బయటికి రావాలంటే దాని కండరాలు సడలాలి. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో మారిస్ ఎల్ఫిక్ బృందం ఆస్టెరోటోసిన్‌ను ఆస్టీరియాస్ రూబెన్స్ అనే నక్షత్ర చేపలకు ఎక్కించి చూసి, ఫలితాన్ని 2019లో ప్రచురించింది. ఎదురుగా తిండేమీ లేకపోయినా అవి భోజనానికి కూర్చున్నట్టే నడిమి భాగం పైకెత్తి, కడుపు బయటపెట్టాయి. పొదుగులో బిగించే అణువుకు చుట్టమైనది అక్కడ సడలిస్తోంది. నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఇదే. కబురు కట్టుబడి ఒక్కటే అయినా, అందుకున్న కణాన్ని బట్టి పని మారిపోతోంది.

తిన్నాక కడుపును లోపలికి తీసుకోవడానికి ఇంకో పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల గొలుసు, ఉంది. ఐదే అమైనో ఆమ్లాలు. ఎన్‌జీఎఫ్‌ఎఫ్‌వై‌అమైడ్ అంటారు. బయటికొచ్చిన కడుపు దాంతో మళ్లీ ముడుచుకుని లోపలికి పోతుందని ఎల్ఫిక్ బృందమే 2013లో చూపించింది.