మూడు పాటల తర్వాత

రాక్ కచేరీని ఫొటో తీయడం గురించి మాట్లాడేవారు సాధారణంగా వెలుతురుతో మొదలుపెడతారు. వేదిక మీద వెలుతురు చాలదు, ఉన్నది నిలకడగా ఉండదు, ఫ్లాష్ వాడనివ్వరు కనుక ఆ ఇబ్బందికి తగ్గట్టు కెమెరాను సిద్ధం చేసుకోవడమే తొలి పాఠం కావడం సహజం. అయితే తనకు ఇష్టమైన బ్యాండును, అంటే ఏ పాటలో ఏ చరణం తర్వాత ఏ వాద్యం విజృంభిస్తుందో తనకు కంఠతా వచ్చిన బ్యాండును, ఫొటో తీసే వ్యక్తికి వెలుతురుకన్నా ముందు అక్కరకు వచ్చేది వినికిడి. మంచి కచేరీ ఫొటోల్లో అధికభాగం చెవితో తీసినవేనని, కన్ను ఆ తర్వాతే పనిలోకి దిగుతుందని చెప్పడానికి తగిన ఆధారాలున్నాయి.

ముందుగా యంత్రం సంగతి. షట్టర్ అంటే ఫిల్మ్ మీదకు, లేదా డిజిటల్ సెన్సర్ మీదకు, కాంతిని లెక్క ప్రకారం వదిలే తెర. అది సెకనులో 250వ వంతుకు మించి తెరుచుకుని ఉంటే గెంతుతున్న గిటారిస్టు ఆకారం చెదిరిపోయే ప్రమాదం ఉంది. అంత తక్కువ వ్యవధిలో చాలినంత కాంతి లోపలికి రావాలంటే లెన్స్ ద్వారాన్ని, అంటే అపర్చర్‌ను, బాగా విప్పాలి. విప్పినకొద్దీ స్పష్టంగా కనిపించే లోతు తగ్గిపోతుంది కనుక మనిషి ఒక్క అడుగు ముందుకు వేసినా ఫోకస్ తప్పుతుంది. ఫిల్మ్ కాలంలో కోడక్ ట్రై-ఎక్స్ వంటి 400 వేగం గల ఫిల్మ్‌ను 1600 వేగం గలదిగా భావించి ఫొటోలు తీసి, ఆ లోటును పూడ్చడానికి డెవలపర్ ద్రావణంలో ఎక్కువసేపు ఉంచేవారు. ‘పుష్’ చేయడమని పిలిచే ఈ పద్ధతిలో ఫిల్మ్ రేణువులు ముతకగా తేలేవి, నీడలు పూర్తిగా నల్లబడేవి. ఆ గరుకుదనమే కాలక్రమేణా రాక్ ఫొటోకు గుర్తుగా స్థిరపడింది. నేటి కెమెరాలకు చీకటి అంత పెద్ద సమస్య కాదుగాని, ఎల్‌ఈడీ దీపాల నుంచి వచ్చే చిక్కని ఎరుపు, నీలం కాంతులు ముఖంలోని సూక్ష్మ వివరాలను మింగేయడం వల్ల, అలాంటి ఫొటోలను నలుపు-తెలుపులోకి మార్చుకునేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

ఇవన్నీ ఎవరైనా నేర్చుకోగలిగినవే. పాట తెలియడం మాత్రం వేరు. గాయకుడి నోటికి మైకు ఆనుకుని ఉన్నంతసేపూ ముఖంలో సగం కనిపించదు. చరణం ముగించి, పల్లవి అందుకునే ముందు ఊపిరి కోసం అతడు వెనక్కి జరిగినప్పుడు మాత్రమే ఆ ముఖం పూర్తిగా బయటపడుతుంది. ఆ ఖాళీ ఎక్కడ వస్తుందో పాట తెలిసినవారికి ముందే తెలుసు. వేదిక వెనుక భాగంలో తక్కువ వెలుతురులో, తాళాల చాటున కూర్చునే డ్రమ్మర్ విషయంలో ఇది మరింత నిజం, ఎందుకంటే అతడి కర్రలు రెండూ పైకి లేచే ఘడియ పాట నిర్మాణంలోనే రాసిపెట్టి ఉంటుంది. కన్ను చూసి, మనసు నిర్ణయించి, వేలు నొక్కేసరికి ఆ ఘడియ దాటిపోతుంది కనుక నొక్కడం ముందే జరగాలి. గాయకుడు ఏ మలుపు తిరగబోతున్నాడో పసిగట్టి అక్కడికి ఒక అక్షరకాలం ముందే చేరుకునే మృదంగ విద్వాంసుడి నేర్పు లాంటిదే ఇదీ.

ఈ మాటకు బలమైన ఉదాహరణ 1979 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని పల్లాడియం థియేటర్‌లో దొరుకుతుంది. లండన్‌కు చెందిన పంక్ బ్యాండు ‘ది క్లాష్’ అమెరికా పర్యటనలో ఉండగా, ఎన్‌ఎమ్‌ఈ అనే బ్రిటిష్ సంగీత వారపత్రిక ఫొటోగ్రాఫర్ పెన్నీ స్మిత్ వారి వెంట తిరుగుతూ వేదిక అంచునే నిలబడి ఫొటోలు తీస్తున్నారు. ప్రేక్షకులను కుర్చీల్లోంచి లేవనివ్వకపోవడంతో విసిగిపోయిన బేస్ గిటారిస్టు పాల్ సిమనన్ కచేరీ చివర్లో తన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను తిరగేసి పట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, నడుము వంచి దాన్ని నేలకేసి కొట్టాడు. ఆ కోపం ఏ పాటలోనూ రాసిలేదు, దాన్ని ముందుగా ఊహించడం ఎవరివల్లా అయ్యేది కాదు. అయినా, రాత్రి తర్వాత రాత్రి అదే బ్యాండును చూస్తూ వచ్చినవారికి సిమనన్ మామూలుగా ఎలా నిలబడతాడో, ఎలా కదులుతాడో ఒంటికి పట్టేసి ఉంటుంది కనుక, అతడు అలా నిలబడనినాడు కెమెరా అటువైపు తిరుగుతుంది. అభిమానం వల్ల కలిగే అసలు లాభం ఇదే: మామూలును ఎంత ఎరిగి ఉంటే మామూలు కానిదాన్ని అంత త్వరగా గుర్తించవచ్చు.

కన్ను చూసేదాకా ఆగకుండా వేలు ముందే ఎందుకు కదలాలో ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా నిర్మాణంలోని ఒక విశేషం కూడా చెబుతుంది. లెన్స్ నుంచి వచ్చే దృశ్యాన్ని ఒక అద్దం పైకి మళ్లించి కంటికి చూపుతుంది. మీట నొక్కగానే కాంతి ఫిల్మ్‌కు చేరడానికి వీలుగా ఆ అద్దం పైకి లేస్తుంది, కంటికి మాత్రం చీకటి కమ్ముతుంది. అంటే ఫిల్మ్ మీద పడిన క్షణం కెమెరాలోంచి చూస్తున్నవారికి కనిపించని క్షణమే. పెన్నీ స్మిత్ చేతిలో ఉన్న పెంటాక్స్ కూడా ఈ జాతిదే. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలు ఇప్పుడు ఆ చీకటిని దాదాపుగా తొలగించినా, వేలు ముందే కదలాలన్న నియమాన్ని మాత్రం అవి మార్చలేకపోయాయి.

బేస్‌ను నేలకేసి కొడుతూ సిమనన్ తన వైపే వస్తుండగా స్మిత్ తీయడం వల్ల ఆ ఫొటోలో ఫోకస్ తప్పింది, అతడి ముఖం కూడా కనిపించదు. ఆ కారణంగా దాన్ని ఆల్బమ్ అట్టకు వాడవద్దని స్మిత్ వాదించారు. గాయకుడు జో స్ట్రమ్మర్, అట్టను రూపొందించిన రే లోరీ పట్టుబట్టడంతో అది 1979 డిసెంబరులో ‘లండన్ కాలింగ్’ ఆల్బమ్ ముఖచిత్రమైంది. 2002లో ‘క్యూ’ అనే సంగీత పత్రిక దాన్ని రాక్ చరిత్రలోనే ఉత్తమ ఫొటోగా ఎంపిక చేసింది. స్మిత్ అభ్యంతరంలో తప్పేమీ లేదు, వృత్తి నేర్పిన కొలమానం అలాగే చెబుతుంది. కాని ఆ రాత్రి ఆ శబ్దం మధ్య ఉన్న స్ట్రమ్మర్‌కు ఆ మసకలోనే ఆ శబ్దం ఉందని తోచి ఉండాలి, అందులో అతడి చూపే లోతైనదని ఒప్పుకోక తప్పదు. ఆ బొమ్మను సూదిమొనంత స్పష్టంగా ఊహించుకుని చూస్తే కొట్టడంలోని ఊపు సగం పోతుంది.

ఇక నేటి పరిస్థితి. పెద్ద కచేరీల్లో వేదికకూ ప్రేక్షకులను ఆపే కంచెకూ నడుమ ఉండే ఇరుకు సందును ‘పిట్’ అంటారు. పత్రికల ఫొటోగ్రాఫర్లను అందులోకి మొదటి మూడు పాటలవరకే అనుమతించి, ఆ తర్వాత బయటికి పంపేయడం చాలాచోట్ల స్థిరపడిన ఆనవాయితీ. ఆ మూడు పాటల్లో కళాకారుల జుట్టు చెదరదు, చొక్కా తడవదు, ప్రేక్షకుడికీ వేదికకూ మధ్య బిడియం ఇంకా కరగదు. 1967 జూన్ 18న మాంటెరే సంగీతోత్సవంలో జిమి హెండ్రిక్స్ తన గిటారుకు నిప్పంటించింది ప్రదర్శన చిట్టచివర. దాన్ని వేదిక అంచున కుర్చీ ఎక్కి తీసిన ఎడ్ కరాఫ్ అప్పటికి 17 ఏళ్ల కుర్రవాడు. సిమనన్ బేస్ విరిగిందీ చివర్లోనే. నేటి నియమం నాడు ఉండి ఉంటే ఈ రెండు ఫొటోలూ ఉండేవి కావు.

దీనికి తోడు, తీసిన ఫొటోల మీద హక్కులను బ్యాండుకే రాసివ్వాలనే ఒప్పందాలు కూడా వచ్చాయి. 2015లో ‘ఫూ ఫైటర్స్’ బ్యాండు పెట్టిన అలాంటి షరతులకు ఒప్పుకోని ‘వాషింగ్టన్ సిటీ పేపర్’ అనే వారపత్రిక తన ఫొటోగ్రాఫర్‌ను పంపడం మానేసి, టికెట్టు కొనుక్కుని వెళ్లిన అభిమానులు తీసిన ఫొటోలనే డబ్బిచ్చి కొంటామని ప్రకటించింది. అది సరైన నిర్ణయమే, పైగా అభిమానులను చివరిదాకా నిలబడి విన్నవారిగా గుర్తించిన నిర్ణయం. బ్యాండ్ల నిర్వాహకుల భయాలను కొట్టిపారేయనవసరం లేదు: కళాకారుల అలసట బయటపడకూడదనుకోవడం, ముందు వరుసలో డబ్బు పెట్టి నిలబడినవారికి కెమెరాలు అడ్డు రాకూడదనుకోవడం న్యాయమే. మొదటి మూడు పాటలకు బదులు మొదటి పాటా, చివరి రెండూ ఇచ్చినా ఆ భయాలు అంతకు మించి పెరగవు. ముప్పై ఆరు ఫ్రేముల ఫిల్మ్‌తో ఒక తరం చేసిన పనిని లెక్కలేనన్ని ఫ్రేములున్న ఈ తరం చేయడానికి ఆ చివరి రెండు పాటలే కావాలి.